నడుం మీది గాలి

గాలి అనే పేరు తన బుర్రలోంచి వచ్చిందని కృష్ణరాజ్ క్లబ్బులో చెప్పుకుంటున్నాడట. ఆ బుర్రలోంచి వచ్చినవి నాకు తెలిసినంతలో రెండే. ఒకటి, మిల్లుకు గుడ్డలు కుట్టే మాలాంటివాళ్ళు ముందు గేటు నుంచి కాకుండా దూదిమూటలు దించే గేటు నుంచి రావాలన్న ఆర్డరు. రెండోది మదురైలో వచ్చింది. ఆ రెండోదాని సంగతి చెప్పడానికే కూర్చున్నాను.

నా పేరు ఈశ్వరన్. పోదనూరు రైల్వే కాలనీ గోడకు ఇవతల మా వీధి. మావాళ్ళు ఈ కోయంబత్తూరు సీమకు ఎప్పుడొచ్చారో మా వీధిలో ఎవరూ చెప్పలేరు. ఎవరి వెనక వచ్చారో మాత్రం చెబుతారు. కృష్ణరాజ్ తాతముత్తాతల వెనక వచ్చారు, వాళ్ళ మోటబావులకు తోలు తిత్తులు కుట్టిపెట్టడానికి. తరువాత వాళ్ళ పొలాల్లో మిల్లులు లేచాయి. మోటలు పోయి కరెంటు పంపులు వచ్చాయి. మేము తోలు వదిలి దూదిలోకి దిగాం. ఇంట్లో వాళ్ళదీ తెలుగే, మాదీ తెలుగే. బయట వాళ్ళదీ తమిళమే, మాదీ తమిళమే. భాష ఒకటే కదా అని ఇన్ని తరాల్లో ఒక్కరోజు మమ్మల్ని తిన్నె ఎక్కించింది లేదు.

బడి నాలుగో తరగతితో వదిలేశాను. వదిలేశాను అని మర్యాదకు అంటున్నాను. వాధ్యారు నన్ను తలుపు దగ్గర గోనెపట్టా మీద కూర్చోబెట్టేవాడు. ఒకరోజు ఆ గోనెపట్టా ఇంకొకడికి ఇచ్చేశాడు, అంతే. తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో చేరి, గుడ్డ చుట్టలు మోయడంతో మొదలుపెట్టి కత్తిరింపు బల్ల దాకా వచ్చాను. అక్కడ యజమానికీ నాకూ పడలేదు. నాకు ఎవరితోనూ పడదని ఆరాయి అంటుంది. ఆరాయి నా భార్య. ఒక తొక్కుడు మెషిను కొనుక్కుని ఇంటికి వచ్చి ముందుగదిలో వేసుకున్నాను. మిల్లు స్టోర్ రూముకు కాకీ నిక్కర్లు కుట్టేవాణ్ణి. వాటి మీద మిల్లు ముద్ర ఉండేది. కుట్టినవాడి ముద్ర దేని మీదా ఉండదు.

అప్పట్లో ప్రతి మిల్లుకూ ఒక టీము ఉండేది. ఫుట్‌బాలుకు ఉండేది, వాలీబాలుకు ఉండేది, మా మిల్లుకు సడుగుడు ఉండేది. కబడ్డీనే మేము సడుగుడు అంటాం. ఆరాయి తమ్ముడు కరుప్పన్ మిల్లులో దూది విదిలించే విభాగంలో పని చేస్తూ ఆ టీములో ఆడేవాడు. కూత పెట్టి అవతలి గడిలోకి దూరి నలుగురిని తాకి వచ్చే రకం. ఆట ఉన్న రోజు సాయంత్రం మా ఇంటికి వచ్చేవాడు, ఒంటి మీద బనియన్ రెండు ముక్కలుగా వేలాడుతూ.

"ఏమిరా, ఆడేదానికి పోతివా, కుక్కలతో కొట్లాడేదానికి పోతివా?" అనేది ఆరాయి.

"పొళ్ళాచ్చి వాళ్ళక్కా. మనిషిని పట్టేదానికి చేతకాదు, బనియన్ పట్టుకుంటారు."

వాళ్ళిద్దరూ నవ్వుకునేవారు. నాకు నవ్వు రాలేదు. ఆ చిరుగు ఎప్పుడు చూసినా నడుం దగ్గరే, అదే చోట. పట్టేవాడి చేయి ఎప్పుడూ అక్కడికే పోతుంది. అక్కడ గుడ్డ వేళ్ళ మధ్య ముడుచుకుంటుంది కాబట్టి దొరుకుతుంది. ముడుచుకోకపోతే దొరకదు. ఇదేం పెద్ద చదువు కాదు. అయినా ఏ మిల్లువాడూ దాన్ని గురించి ఆలోచించలేదు, చిరిగిన బనియన్ బదులు ఇంకో బనియన్ ఇచ్చేసేవారు.

నేను బనియన్ గుడ్డను ఒంటికి అతుక్కునేలా బిగువుగా కత్తిరించాను. నడుం చుట్టూ లోపల రెండో పొర వేశాను. రెండు పొరల్నీ కలిపి దగ్గర దగ్గరగా కుట్లు వేశాను. కరుప్పన్‌కు తొడిగి వీధిలో నిలబెట్టాను.

"పట్టుకో అక్కా, సూస్తాము" అన్నాడు వాడు.

ఆరాయి చెంగు దోపుకుని వచ్చింది. నీళ్ళ బిందె నడుం మీద పెట్టుకుని పిల్లను చంకకు ఎత్తుకుని రైలు పట్టాలు దాటి వచ్చే మనిషి, చేతిలో పట్టు తక్కువేం కాదు. ముందు నుంచి పట్టింది, జారింది. వెనక నుంచి పట్టింది, జారింది. వీధిలో ఆడవాళ్ళు చేరారు, వాణ్ణి వదలొద్దని కేకలు వేస్తున్నారు. మూడోసారి రెండు చేతులతో వేసి మోకాళ్ళ మీద కూలబడింది.

"ఏం పట్టేదిరా వీణ్ణి" అంది రొప్పుతూ. "గాలే వస్తాంది చేతికి."

"మళ్ళీ చెప్పు" అన్నాను.

"ఏం మళ్ళీ చెప్పేది? గాలి అంటిని. చెవుడా?"

అక్కడే పేరు పుట్టింది. కృష్ణరాజ్ బుర్రలో కాదు, మా వీధి మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్న నా పెళ్ళాం నోట్లో.

నడుం మీద రెండు పొరలనూ కలపడానికి ఎలాగూ కుట్లు కావాలి. ఆ కుట్లు అక్షరాలే ఎందుకు కాకూడదు అనుకున్నాను. పసుపు గుడ్డలో పెద్ద అక్షరాలు కత్తిరించి, వెనక నడుం మీద, ఈ చివర నుంచి ఆ చివరకు పరిచి కుట్టాను. నాకు వచ్చింది తమిళ అక్షరాలు, అవీ నాలుగో తరగతివరకే. మా తెలుగు నోటికే గాని చేతికి లేదు. తమిళంలో కకూ గకూ ఒకటే అక్షరం. చదివేవాడికి ఆ మాట ముందే తెలిసి ఉంటుంది గనక ఏది పలకాలో అది పలుకుతాడు. మాకు తెలుసు. అందుకని మాకు ఏ అనుమానమూ రాలేదు.

కృష్ణరాజ్ మిల్లు యజమానికి అన్న కొడుకు. టీముల పనులన్నీ ఆయన చేతిలో ఉండేవి. నమూనా జెర్సీ చుట్టుకుని దూదిమూటల గేటు నుంచి వెళ్ళాను. ఆయన కూర్చున్నాడు, నేను నిలబడ్డాను. మా అయ్య వీళ్ళను సామీ అని పిలిచేవాడు. నేను సార్ అంటాను. ఆ తేడా ఆయనకు ప్రతిసారీ వినిపిస్తుంది. వినిపించాలనే అంటాను.

"ఏందిరా ఇది, నడుం మీద?"

"పేరు సార్."

"మిల్లు పేరు గదరా ఉండాల్సింది."

"మిల్లు పేరు రొమ్ము మీద ఉండాది సార్. ఇది గుడ్డ పేరు. కుట్టినవాని పేరనుకోండి."

ఆయన దాన్ని బల్ల మీద పరిచి చదివాడు. "గాలి" అన్నాడు. క అనలేదు. గ అనే అన్నాడు, మా అందరిలాగే. తరువాత నవ్వాడు.

"మా అవ్వ అంటా ఉంటాది, గాలి మాదిరి పోయినాడని. బాగుండాదిరా. మన భాష. ఎవనికీ అర్థం కాదు. ఉండనీ."

ఆయన పెట్టిన షరతు ఇది. మదురైలో మిల్లుల పందెం జరగబోతోంది. ఈ జెర్సీలతో గెలిచి వస్తే సంఘంలో ఉన్న అన్ని మిల్లుల టీములకూ నేనే కుట్టాలి, గాలి అన్న పేరు ఉంచుకునే కుట్టాలి. గెలవకపోతే మళ్ళీ స్టోర్ రూముకు కాకీ నిక్కర్లు. నాకు కాకీ నిక్కర్లతో తిండికి లోటు లేదు. నాకు కావలసింది ఆ పసుపు అక్షరాలు. నేను చేసిన వస్తువు మీద నా ఇంటి మాట ఉండాలి, అది నాదని పదిమందిలో తెలియాలి. ఆ వయసు దాకా నాది అని చెప్పుకోవడానికి నా దగ్గర ఒక తొక్కుడు మెషిను, ఒక పెళ్ళాం తప్ప ఏమీ లేవు. రెండూ చప్పుడు ఎక్కువ.

టీములో అందరూ మా వీధివాళ్ళు, పక్క వీధివాళ్ళు. పేరు వాళ్ళ చెవికి ముందొచ్చింది, కంటికి తరువాత వచ్చింది. మిల్లు మైదానంలో తొడుక్కుని ఆడారు. చూసేవాళ్ళూ మనవాళ్ళే. "గాలి టీము" అన్నారు. మిల్లు సంగు, అదే సైరను, మోగేదాకా ఆడి, అవే తొడుక్కుని షిఫ్టుకు పోబోతే నేనే విప్పించాను.

పోదనూరులో బండెక్కి మదురైలో దిగాం. వైగై ఏటిలో నీళ్ళు లేవు. ఇసుకలో కంచె వేసి, తాటాకు పందిరి వేసి, గీతలు గీసి ఉంచారు. కంచెకు ఆవల మదురై ఊరు ఊరంతా ఉన్నట్టుంది. మా వాళ్ళు వరసగా లోపలికి నడిచారు. జనానికి ముందు రొమ్ములు కనిపించాయి, మిల్లు పేరు కనిపించింది, ఎవరూ ఏమీ అనలేదు. గీత దగ్గర వెనక్కి తిరిగారు.

ముందు వరసలో పూలకొట్టు మనిషి ఒకడు, మూరలు కొలిచీ కొలిచీ మోచేయి నల్లబడినవాడు, గట్టిగా చదివాడు.

"ఎన్నప్పా, తోక్కురదుక్కు మున్నాడియే ముదుగుల ఎళుదిక్కిట్టు వందుట్టానుంగ. కాలియామా."

ఓడిపోకముందే వీపు మీద రాసుకుని వచ్చేశారే, కాలి అట. అదీ వాడన్నది.

కంచె పొడవునా నవ్వు పాకింది. తమిళంలో కాలి అంటే ఖాళీ. అయిపోయింది, ఊడ్చుకుపోయింది, ఇంకేమీ మిగల్లేదు అని. ఇంకో అర్థం కూడా ఉంది, వీధి పోకిరిని కాలిప్పయల్ అంటారు. రెండింట్లో మంచిదేదో మీరే ఎంచుకోండి. నేనూ పుట్టిన దగ్గరనుంచి తమిళం మాట్లాడేవాణ్ణే. కొట్టులో చక్కెర కాలి, బస్సులో సీటు కాలి అని రోజూ వినేవాణ్ణే. నా అక్షరాలు నా కళ్ళముందే ఉన్నాయి. వాటిలో ఒక్క గీత మారలేదు. ఒక పూలవాడు నోరు తెరిచి చదివితే, అంతే, నా మాట అక్కడ లేకుండా పోయింది.

మొదటి ఆట గెలిచాం. ఎలా గెలిచామో చెప్పడానికి సిగ్గు. మా వాళ్ళలో ఒకడు చేయి వెనక్కి పెట్టి నడుం కప్పుకుని ఆడాడు. ఇంకొకడు వీపు జనానికి కనబడకుండా ఎండ్రకాయలాగా పక్కలకు నడిచాడు. చేతులు మాత్రం జారాయి. నేను చేసింది చేసినట్టే పని చేసింది. రెండో ఆటా అలాగే గట్టెక్కారు. మిగిలింది మదురై మిల్లు టీముతో ఫైనలు. కంచె ఆవల "కాలి, కాలి" అని తాళం వేస్తున్నారు.

కృష్ణరాజ్ నన్ను పందిరి వెనక్కి పిలిచాడు. ముఖం కందిపోయి ఉంది. తనతో వచ్చిన ఇతర మిల్లుల పెద్దమనుషులు ఆయన్నేదో అని ఉండాలి.

"ఎవర్రా దీనికి ఒప్పుకునింది?"

"మీరే సార్."

"నేనా? నేను మిల్లు పేరు పెట్టమంటిని."

"మీరు చదివి, నవ్వి, ఉండనీ అంటిరి. మీ అవ్వ మాట కూడా చెప్తిరి."

"మా అవ్వ పేరు ఎత్తొద్దు నువ్వు." కాసేపు ఇసుక తన్నాడు. తరువాత, ఆ రెండోది ఆయన బుర్రలోంచి వచ్చింది. ముఖం విప్పారింది. "ల పీకెయ్. ఆ చోట ళ కుట్టు. కాళి అయితాది. అమ్మవారు. ఈ మదురైలో అమ్మవారి పేరు చూసి ఎవడు నగుతాడో నేనూ చూస్తాను. ఒక అక్షరం. సూది ఉండాది గదా నీ దగ్గర?"

"ఉండాది."

"అప్పో కూర్చో. ఇంకమీద ఇదే పేరు. కాళి జెర్సీ. మిల్లుల సంఘానికంతా ఇదే. నువ్వు మిల్లులోనే కూర్చుని కుట్టు, జీతం ఇప్పిస్తాను."

చూశారు కదా ఎంత చక్కగా కదిలాడో. నిమిషం కింద పేరు నా తప్పు. నిమిషం తరువాత పేరు ఆయనది, సూది నాది.

"అది నా మాట కాదు సార్" అన్నాను.

"నీ మాటేందిరా మాట? అమ్మవారి పేరు చేదా నీకు?"

"అమ్మవారికి నేను దణ్ణం పెట్టుకుంటా. నడుం మీద కుట్టను. నేను కుట్టింది గాలి."

ఈలోగా టీమంతా పందిరి వెనక్కి వచ్చింది. అందరి చూపూ నా చేతి సంచి మీద. కరుప్పన్ ముందుకొచ్చాడు. వాడైనా నా పక్కన నిలబడతాడనుకున్నాను.

"చేసెయ్ బావా" అన్నాడు. "ఒక అక్షరమే గదా. మేము ఊపిరి బిగబట్టి ఆడతా ఉంటే వాళ్ళు మా పిర్రల మీద చదువుకుంటా ఉండారు."

"అది మీ అక్క నోట్లోంచి వచ్చిన మాటరా."

"అక్క నోట్లోంచి పొద్దంతా ఏవేవో వస్తాయి. అన్నీ కుట్టుకుంటామా?"

అందరూ నవ్వారు. కృష్ణరాజ్ కూడా నవ్వాడు. ఆ నవ్వుతో ఆయనకు పని అయిపోయినట్టే అనిపించింది. నాకు కూడా ఏదో అయిపోయింది. సంచిలోంచి సూదిపెట్టె, కత్తెర తీసి పంచె మొలలో దోపుకున్నాను.

"నేను కుట్టను. ఇంకొకడు ముట్టుకుంటే ఊరుకోను. ఇట్లనే ఆడితే ఆడండి, లేకుంటే విప్పి ఇయ్యండి. ఒట్టి ఒంటితో ఆడి గెలవండి, మిల్లుకి ఇంకా మంచి పేరు."

"నాలుగో క్లాసు" అన్నాడు కృష్ణరాజ్, నాతో కాదు, గాలితో అన్నట్టు. "ఒక మాట సరిగా రాసేదానికి లే. దానికి పొగరు చూడు."

"మీరు బీకాం సార్. మీరూ గాలి అనే చదివినారు."

"మీ అయ్య మా ముందర ఇట్ల నోరు తెరిచి ఉండాడారా ఎప్పుడైనా?"

"లేదు సార్. అందుకే మీకు అలవాటు లేదు."

ఆయన చేయి లేచింది. టీము చూస్తోంది గనక ఆ చేయి తల దువ్వుకుని కిందికి దిగింది. ఊళ్ళో టైలర్ని వెతికి పట్టుకురమ్మని ఒకణ్ణి పంపాడు. పోయినవాడు రాకముందే విజిల్ ఊదారు. మా వాళ్ళు నన్ను దాటుకుంటూ పోయారు. ఒక్కడూ నా వైపు చూడలేదు. ఒకడు మాత్రం పోతూ పోతూ నా చెప్పు మీద ఉమ్మాడు. వాడి పేరు చెప్పను. ఇప్పుడు మా వీధిలోనే ఉన్నాడు, నా జెర్సీలే అమ్ముకుంటున్నాడు.

మదురై టీముకు నాయకుడు చొక్కన్ అని, గుమ్మం అంత మనిషి. వాడు పట్టాడంటే పట్టినవాడు ఇక లేవడని ఆ ఊరి మాట. కరుప్పన్ కూత పెట్టి లోపలికి దూరాడు. జనం "కాలి, కాలి" అని మొదలుపెట్టారు. చొక్కన్ వెనక నుంచి వచ్చి సరిగ్గా పసుపు అక్షరాల మీద చేయి వేశాడు. వేళ్ళు మూసుకున్నాయి. మూసుకున్న వేళ్ళలో ఏమీ లేదు. కరుప్పన్ గీత దాటి ఇవతల ఇసుకలో పడి ఉన్నాడు. చొక్కన్ అవుట్.

జనం నోట్లో మాట ఆగలేదు, తాళంలో ఉన్నారు గదా. "కాలి" అనే అన్నారు. అని, తామేం అన్నారో తమకే వినిపించింది. చొక్కన్ గీత బయటికి నడుస్తుంటే వాళ్ళ నోటితోనే వాళ్ళ మనిషి కాలి అయ్యాడు. పూలకొట్టువాడు నోరు మూశాడు. వాడి వెనక ఉన్న కుర్రమూక మాత్రం పట్టుకుంది. మదురై జనానికి తమవాడైనా పరాయివాడైనా ఒకటే, వేడుక కావాలి. తరువాత మదురై మనిషి ఒక్కొక్కడు అవుటయ్యేకొద్దీ కంచె అంతా "కాలి" అని అరుస్తోంది. మా వాళ్ళు చేతులు నడుం మీదనుంచి తీసేశారు. చివరికి వీపులు జనానికి చూపిస్తూ ఆడారు. కరుప్పన్ అయితే ప్రతి కూతకు ముందూ వెనక్కి తిరిగి, నడుం ఊపి, అక్షరాలు చూపించి మరీ పోయాడు. పందిరి వెనక నాతో అన్న మాట వాడికి గుర్తున్నట్టు లేదు.

గెలిచారు. కృష్ణరాజ్ కప్పు పట్టుకుని ఫొటో తీయించుకున్నాడు. పత్రికవాడు అడిగితే చెప్పాడు: "పేరు మేమే ఆలోచించి పెట్టించాము. ఎదుటివాణ్ణి కాలి చేసే జెర్సీ." నేను పక్కనే ఉన్నాను, జెర్సీలు లెక్కపెట్టి మూట కట్టుకుంటూ. ఆయన నన్ను చూశాడు. చూసి ఆ మాటే ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా చెప్పాడు.

సంఘం ఆర్డరు నాకు రాలేదు. మిల్లులోనే షెడ్డు వేసి, మెషిన్లు దింపి, ళ పెట్టి కాళి జెర్సీలు మొదలుపెట్టారు. మిల్లుల టీములన్నీ అవే తొడుక్కున్నాయి. వాటికి నడుం దగ్గర రెండో పొర లేదు, అక్షరాలు రంగుతో అచ్చు కొట్టినవి. పట్టుకుంటే చక్కగా చేతికి వస్తాయి. ఆ సంగతి వాళ్ళకు వాళ్ళే తెలుసుకోనీ అని ఊరుకున్నాను.

కాని మిగిలిన ఊళ్ళు మిల్లుల సంఘాన్ని అడిగి గుడ్డ తొడుక్కోవు. పోదనూరు రైల్వేవాళ్ళు వచ్చారు. దిండిగల్లు తాళాల కంపెనీ కుర్రాళ్ళు వచ్చారు. చిన్నమనూరు నుంచి ద్రాక్షతోటల వాళ్ళు బస్సులో వచ్చి, వాలీబాలుకు కూడా ఇదే కావాలన్నారు. వాలీబాలులో ఎవడూ ఎవడినీ పట్టుకోడయ్యా అంటే, "పరవాల్లే, ముదుగుల అదు ఇరుక్కణుం" అన్నారు. వీపు మీద ఆ మాట ఉండాలట. ముందుగదిలో రెండో మెషిను వేశాను, తరువాత పక్క ఇల్లు తీసుకున్నాను. గాలి అని ఒక చిన్న చీటీ నేయించి ప్రతి మెడ లోపలా కుట్టాను. పని పెరిగింది. పేరు ఊళ్ళు తిరిగింది.

ఏ పేరు? "కాలి బనియన్ ఇక్కడేనా?" వీధి మలుపులో ఆగి ప్రతివాడూ అడిగేది ఇదే. నేను లోపలినుంచి "గాలి" అని అరిచేవాణ్ణి. "ఆమా, కాలి" అనేవారు, అవునంటూ. ఒకరోజు ఆరాయి గుమ్మంలో నిలబడి ఎవరికో దారి చెబుతోంది. "కాలి బనియన్ తానే? ఇంగేదాన్, వాంగ" అంది. కాలి బనియనే కదా, ఇక్కడే, రండి అని.

"నువ్వు కూడానా?" అన్నాను.

"ఏం నేను కూడా? గాలి అంటే వానికి తెలిసేది లే. నిలబడి నీ కథ చెప్పేదానికి నాకు పొద్దు లే. పొయ్యి మీద కూర ఉండాది."

"నువ్వు పెట్టిన పేరే అది."

"నేను పేరు పెట్టిందెప్పుడు? రొప్పుతా ఏదో అంటిని. నువ్వు దాన్ని పట్టుకుంటివి."

ఆ రోజు సాయంత్రమే రైల్వే కాలనీ గోడ దాటి వెళ్ళాను. అక్కడ వాల్తేరు నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా ఒకాయన ఉన్నాడు. తెలుగు చదివినవాడు. నేను చెప్పింది విని, "మీరు మాట్లాడేది తెలుగేనా?" అని అడిగాడు. లోపలున్న భార్యను కూడా పిలిచి, నా చేత ఇంకోసారి మాట్లాడించి ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంకెవడైనా అయితే నేను ఊరుకునేవాణ్ణి కాదు. నాకు రెండు అక్షరాలు కావాలి, నోరు మూసుకున్నాను. ఆయన ఒక కాగితం మీద రాసిచ్చాడు. గాలి. తెలుగులో గకు వేరే అక్షరం ఉంది. ఇంకెవడూ దాన్ని క అని చదవలేడు. ఆ రెండింటితో మొదలుపెట్టి మిగిలిన అక్షరాలూ తరువాత పట్టుకున్నాను, ఆ మొగుడూ పెళ్ళాల నవ్వు మీది కోపంతోనే.

నడుం మీద ఇప్పుడు తెలుగు అక్షరాలు కుట్టడం మొదలుపెట్టాను. ఎవడూ క అని చదవలేదు. అసలు ఎవడూ చదవలేదు. దిండిగల్లువాళ్ళు "అణ్ణా, ఇదు ఎన్న, జాంగిరియా?" అన్నారు, ఇదేమిటి, జాంగ్రీ మిఠాయా అని. చిన్నమనూరువాళ్ళు పాత కాలి గుర్తే కావాలన్నారు, ఈ కొత్త పువ్వు వద్దన్నారు. కృష్ణరాజ్ ఒకసారి కారు ఆపి దిగకుండానే ఒక జెర్సీ అడిగి తీసుకుని చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఏందిరా ఇది?"

"చదవండి సార్. మన భాషే."

ఆయన నాకేసి చూసి, జెర్సీ నా మీదికి విసిరేసి, కారు పోనిమ్మన్నాడు. గాలి తన బుర్రలోంచి వచ్చిందని క్లబ్బులో చెప్పుకోవడం మొదలైంది ఆ తరువాతే.

అప్పుడు నేను కొట్టులో ఒక నియమం పెట్టాను. జెర్సీల మూట కావలసినవాడు ముందు పేరు పలకాలి. కాలి అంటే మూట లోపలే ఉంటుంది. గ పలకడం తమిళంవాళ్ళకు చేతకాక కాదు, అవసరం లేక. అవసరం నేను కల్పించాను. కొందరు నవ్వి పలికారు. కొందరు తిట్టి పలికారు. రైల్వేవాళ్ళు ఒకరోజంతా వాదించి, మర్నాడు వచ్చి పలికారు. ఆరాయి నన్ను పిచ్చివాణ్ణంది. బేరం పాడుచేసుకుంటున్నానంది. చేసుకుంటే చేసుకున్నాను.

మొన్న చొక్కన్ వచ్చాడు. ఆ వైగై ఇసుకలో నా పసుపు అక్షరాల మీద చేయి వేసిన మనిషి. కాస్త లావెక్కాడు, జుట్టు నెరిసింది. ఇప్పుడు కుర్రాళ్ళకు ఆట నేర్పుతున్నాడట, వాళ్ళకు జెర్సీలు కావాలట. నన్ను గుర్తుపట్టలేదు. జెర్సీని మాత్రం చూడగానే గుర్తుపట్టాడు.

"పేరు చెప్పు" అన్నాను తమిళంలో.

"కాలి."

"కాదు. గా. గాలి."

"గాలి" అన్నాడు, పెద్దమనిషి, ఏ అలకా లేకుండా. "అప్పడీన్నా?" అలా అంటే ఏమిటని.

ఇంతవరకూ ఎవడూ అర్థం అడగలేదు. అందరూ పలికి మూట పట్టుకుపోయినవాళ్ళే. మాటల్లో చెప్పబుద్ధి కాలేదు. ఒక జెర్సీ తీసి నా చొక్కా మీదే తొడుక్కుని, బల్ల ఇవతలికి వచ్చి, వాడికి వీపు తిప్పి నిలబడ్డాను.

"పట్టుకో" అన్నాను.

అదే చేయి. అదే చోట వేశాడు. నేను మెషిను దగ్గర కూర్చుని కూర్చుని వంగిపోయిన మనిషిని, ఒక్క అడుగు పక్కకు వేశాను, అంతే. గుడ్డ జారింది. ఆరాయి వంటింటి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"ఇప్పుడు చెప్పు" అన్నాను వాడికేసి తిరిగి. "చేతికి ఏమొచ్చింది?"

చొక్కన్ పిడికిలి విప్పాడు. అరచేయి చూసుకున్నాడు. తిప్పి వెనక కూడా చూసుకున్నాడు. వాడికి అర్థమైపోయింది, ముఖం వెలిగింది.

"కాలి" అన్నాడు.

ఆరాయి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నేను జెర్సీ విప్పి మడత పెట్టి లోపల పెట్టేశాను. మూట ఇవ్వలేదు. రేపు రమ్మన్నాను, సరిగా పలకడం నేర్చుకుని.